తికమకపెట్టు ఇంగ్లీషు జంటమాటలు



బజారులో పలకలు, పెన్సిళ్లు, తెల్లకాగితములు, కవరులు అమ్ము దుకాణములను మీరందరును చూచియే యుందురు. ఆ దుకాణముపై బల్ల మీద 'స్టేషనరీ' అని వ్రాసియుండును. తెలుగు లిపిలో వ్రాసినంత కాలము ఆ మాటతో మనకు పేచీ లేదు. ఇంగ్లీషు లిపిలో వ్రాయబూనినప్పుడే చేయి ఆగును. చివరనున్న 'ఆర్, వై' అను రెండక్షరములకు ముందు వ్రాయవలసినది 'ఏ' అక్షరమా, 'ఈ' అక్షరమా? 'ఏ' వ్రాసినచో కదలక నిలిచియున్నది అని అర్థము. 'ఈ' వ్రాసినచో కాగితములు, కలములు మొదలగు వ్రాతసామగ్రి అని అర్థము. పలుకునప్పుడు రెండింటికిని భేదము లేదు. వ్రాయునప్పుడు ఒక్క అక్షరము మారినంతనే అర్థము పూర్తిగా మారిపోవును.

ఇట్టి జంటలు ఇంగ్లీషున పెక్కు గలవు. పరీక్ష వ్రాయు విద్యార్థి మొదలుకొని కచేరీలో ఉత్తరములు వ్రాయు గుమాస్తా వరకును, ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొను యువకుడు మొదలుకొని పత్రికకు వార్త పంపు విలేఖరి వరకును, వీనితో చిక్కుపడనివారు అరుదు. వ్యాకరణపుస్తకముల చివరి పుటలలో ఈ జంటలను వరుసగా పేర్చి, వాని ప్రక్కన అర్థములు వ్రాసి, పిల్లలచేత వల్లె వేయింతురు. పరీక్షనాటికి అవి వచ్చును. పరీక్ష మరునాటికి పోవును. ఏలననగా ఆ పట్టికలో అర్థములుండును గాని, ఆ అర్థములు అట్లేర్పడుటకు కారణముండదు. కారణము తెలియని భేదము మనసున నిలువదు.

నేడు మీకు మనవి చేయదలచినది ఇదియే. ఈ మాటలలో పెక్కు ఒక తల్లి కడుపున పుట్టిన బిడ్డలు. ఒక ఇంట పుట్టి, వేరు వేరు ఊళ్లకు తరలిపోయి, వేరు వేరు వృత్తులలో స్థిరపడి, చాలకాలమునకు మరల ఒక వీధిలో కాపురమునకు వచ్చిన తోబుట్టువులవలె అవి మనకు ఎదురగుచున్నవి. ముఖములు ఒక్కటిగా నుండుటచేత పోల్చుకొనలేక తడబడుచున్నాము. ఎవరు ఏ ఊరినుండి వచ్చిరో, ఎవరు ఏ పని చేసిరో తెలిసికొన్నచో తడబాటు తీరును.

మొదట స్టేషనరీ కథయే చెప్పెదను. లాటిను భాషలో 'స్టారె' అనగా నిలుచుట. మన సంస్కృతమందలి 'స్థా' ధాతువునకు ఇది సమీపబంధువు. 1786వ సంవత్సరమున కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలో ఉపన్యసించుచు సర్ విలియం జోన్సు, సంస్కృతము, గ్రీకు, లాటిను అను మూడు భాషలును ఏదో ఒక మూలభాషనుండి పుట్టినవై యుండవలెనని చెప్పిన మాట భాషాశాస్త్రమునకే త్రోవ చూపినది. మన 'స్థానము' నందును, వారి 'స్టేషను' నందును ఉన్నది ఆ ఒక్క నిలుచుటయే. రైలు నిలుచు తావు స్టేషను. ఆ కుదురునుండియే 'స్టేషనారియస్' అను మాట వచ్చినది. ఒకచోట కదలక నుండువాడు అని దాని అర్థము.

మధ్యయుగపు ఐరోపాలో చిల్లర వర్తకులలో పెక్కుమంది సంచారులు. మూట వీపున గట్టుకొని సంతనుండి సంతకు, ఊరినుండి ఊరికి తిరిగి అమ్ముకొనువారు. పుస్తకములు అట్లు తిరిగి అమ్మదగిన సరకు కాదు. అచ్చుయంత్రము లేని ఆ కాలమున ప్రతి గ్రంథమును చేతితో వ్రాసికొనవలసినదే గదా. అందుచేత పారిసు, బొలోన్యా, ఆక్స్‌ఫర్డు వంటి విద్యాస్థానముల చెంత కొందరు వర్తకులు స్థిరముగా దుకాణములు పెట్టుకొని, మూలప్రతిని కట్టలుకట్టలుగా విడదీసి, ఒక్కొక్క కట్టను విద్యార్థులకు అద్దెకిచ్చుచుండిరి. విద్యార్థి ఒక కట్టను తీసికొనిపోయి, నకలు వ్రాసికొని, దానిని తిరిగి యిచ్చి, తరువాతి కట్టను తెచ్చుకొనును. ఇట్లు ఒకచోట నిలిచి వ్యాపారము చేయువాడగుటచే వానికి 'స్టేషనరు' అను పేరు వచ్చినది. లండను నగరమున ఈ వర్తకుల సంఘము 1403లో ఏర్పడి, 1557లో రాజశాసనమును పొందినది. అటుపిమ్మట చాలకాలము ఇంగ్లండున పుస్తకము అచ్చువేయ నెంచినవారు ఆ సంఘపు చిట్టాలో దానిని నమోదు చేయించుకొనుచుండిరి. షేక్స్‌పియరు నాటకములు పెక్కు ఆ చిట్టా కెక్కినవే. కాలక్రమమున పుస్తకములు అమ్మువానికి వేరు పేరు వచ్చినది. స్టేషనరునకు కాగితము, కలము, సిరా మిగిలినవి. వాడు అమ్ము సరకు స్టేషనరీ యైనది.

ఇక అక్షరము సంగతి. ఇంగ్లీషున వృత్తివానిని తెలుపుటకు మాట చివర 'ఈ, ఆర్' అను అక్షరములు చేర్చుట పరిపాటి. రొట్టెలు కాల్చువాడు బేకరు. వాని దుకాణము బేకరీ. పచారీ సరకులు అమ్మువాడు గ్రోసరు. వాని సరకు గ్రోసరీ. అట్లే స్టేషనరు, స్టేషనరీ. మరల చెప్పుచున్నాను. బేకరు వెనుక బేకరీ, స్టేషనరు వెనుక స్టేషనరీ. వర్తకుడు కనబడినచో 'ఈ' వ్రాయుడు. వర్తకుడు లేక, కదలకుండుట మాత్రమే యున్నచో 'ఏ' వ్రాయుడు. ఇంతకంటె గుర్తుంచుకొనవలసినది లేదు.

పలుకు ఒకటి, వ్రాత రెండు అగుట యెందుచేత అని మీరు అడుగవచ్చును. తెలుగున మనము పలికినట్లే చాలవరకు వ్రాయుదుము. ఇంగ్లీషు చరిత్ర అట్లు నడువలేదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప రాజాస్థానమునను న్యాయస్థానమునను తరతరములు ఫ్రెంచి చెల్లినది. మఠములలోను విద్యాపీఠములలోను లాటిను చెల్లినది. పొలములోను వంటయింటిలోను ఇంగ్లీషు నిలిచినది. లాటిను మాట యొకటి ఒకసారి ఫ్రెంచివారి నోట నలిగి, రూపు మారి ఇంగ్లీషునకు వచ్చును. మరియొకసారి పండితుల గ్రంథములనుండి చెక్కుచెదరక వచ్చును. 1476లో కాక్స్‌టను వెస్ట్‌మిన్‌స్టరున అచ్చుయంత్రమును నెలకొల్పిన తరువాత వర్ణక్రమము క్రమముగా గట్టిపడినది. నోటి పలుకు మాత్రము మారుచునే పోయినది. కావున నేడు మనము ఇంగ్లీషున వ్రాయు అక్షరములలో కొన్ని, ఎన్నడో పలికి మానివేసిన ధ్వనులకు గుర్తులు.

కొన్ని యక్షరములు పండితులు కావలెనని పెట్టినవి. అప్పు అను అర్థముగల 'డెట్' అను మాటలో పలుకని 'బి' ఒకటి కలదు. ఫ్రెంచివారినుండి ఆ మాట వచ్చినప్పుడు అందు 'బి' లేదు. లాటినున దాని మూలము 'డెబిటుమ్' అని లోకమునకు తెలుపుటకై విద్వాంసులు తరువాత దానిని చొప్పించిరి. మన బ్యాంకు పుస్తకములో కనబడు 'డెబిట్' నందు ఆ 'బి' నేటికిని పలుకుచునే యున్నది. విద్వాంసులు పొరబడిన తావులును లేకపోలేదు. ద్వీపమునకు ఇంగ్లీషున వాడు 'ఐలండ్' అను మాట అచ్చమైన ప్రాచీనాంగ్లపదము. అందు 'ఎస్' ఉండుటకు కారణమే లేదు. లాటిను మూలముగల 'ఐల్' అను మరియొక మాటను చూచి, దీనికిని అదియే మూలమనుకొని 'ఎస్' చేర్చిరి. ఆ పొరపాటు నేటికిని నిలిచినది. అయినను ఇంగ్లీషు వర్ణక్రమము వట్టి గందరగోళమని విసుగుకొనువారితో నేను ఏకీభవింపలేను. అది చాలవరకు మాట పుట్టుకను తెలుపు సాక్ష్యము. ఆ సాక్ష్యమును చదువ నేర్చినవానికి వర్ణక్రమము బరువు కాదు.

కళాశాల ప్రిన్సిపాలు మనకు సుపరిచితుడు. నియమము, మూలసూత్రము అను అర్థముగల 'ప్రిన్సిపుల్' వేరు. అమెరికాలోని బడులలో పిల్లలకు ఒక చిట్కా నేర్పుదురు. వారి వాడుకలో 'పాల్' అనగా చెలికాడు. ప్రిన్సిపాలు మీ చెలికాడు గనుక చివర 'పాల్' వ్రాయుడని చెప్పుదురు. ఈ చిట్కా కళాశాలాధికారికి సరిపోవును. కాని అప్పుపత్రములో వడ్డీతోపాటు వ్రాయు 'అసలు' ను గూడ ఇంగ్లీషున ప్రిన్సిపల్ అనియే యందురు. ఆ అసలునకు చెలిమితో సంబంధము లేదు. చిట్కా అక్కడ ఆగిపోవును, జన్మకథ ఆగదు. లాటినున 'ప్రీముస్' అనగా మొదటిది, 'కాపెరె' అనగా గ్రహించుట. ఈ రెండును కలిసి 'ప్రిన్‌కెప్స్' అను మాట ఏర్పడినది. మొదటి భాగమును గ్రహించువాడు, అనగా అగ్రగణ్యుడు. రోము నేలిన ఆగస్టసు తన్ను రాజని పిలువనీయక ఈ బిరుదమునే ధరించెను. రాజకుమారుని తెలుపు 'ప్రిన్సు' అను మాటయు దీనిదే. అగ్రగణ్యుడు అను అర్థమునుండి ముఖ్యమైనది అను విశేషణము వచ్చినది. నేషనల్, లీగల్, రాయల్ అను విశేషణముల చివర నుండు 'ఏ, ఎల్' అను అక్షరములే దీని చివరను ఉన్నవి. కళాశాలలో ముఖ్యుడు, అప్పులో ముఖ్యభాగము, రెండును ఆ 'ఏ, ఎల్' గల ప్రిన్సిపల్. ఇక మొదలు, పునాది అను అర్థమున లాటినున 'ప్రిన్‌కిపియుమ్' కలదు. 1687లో న్యూటను ప్రకటించిన మహాగ్రంథమునకు 'ప్రిన్సిపియా' అని పేరు. మూలసూత్రములు అని దాని అర్థము. ఇంగ్లీషున ప్రిన్సిపుల్ అనగా ఆ మూలసూత్రమే. 'ఏ, ఎల్' ఉన్నచో ముఖ్యము. 'ఎల్, ఈ' ఉన్నచో సూత్రము.

ఇప్పుడు గుడ్డ కథ యొకటి వినుడు. 'కాన్వాసు' మీకు తెలిసినదే. కాన్వాసు బూట్లు, కాన్వాసు సంచి, చిత్రకారుడు బొమ్మ వ్రాయు కాన్వాసు. ఎన్నికలు వచ్చినప్పుడు ఇంటింటికి తిరిగి ఓట్లడుగుటను 'కాన్వాసింగు' అందుము. ఈ ముతక గుడ్డకును ఓట్లకును పొత్తు ఎట్లు కుదిరినది? లాటినున 'కన్నబిస్' అనగా గంజాయి మొక్క. దాని కాడనుండి తీసిన గట్టి నారతో నేసిన ముతక గుడ్డకు ఆ మొక్క పేరే వచ్చినది. ఓడల తెరచాపలకు, డేరాలకు ఆ గుడ్డ పనికివచ్చినది. మూలపదము చివర ఒక్క 'ఎస్' ఉన్నట్లే గుడ్డ పేరు చివరను ఒక్క 'ఎస్' మాత్రమే.

ఆ దినములలో ఐరోపావారికి ఒక మోటు వినోదము ఉండెను. నలుగురు నాలుగు కొసలు పట్టుకొని గుడ్డను బిగువుగా చాచి, నడుమ ఒకనిని పడవేసి, పైకి ఎగురవేసి పట్టుచుండిరి. వేళాకోళమునకు కొన్నిసార్లు, శిక్షకు కొన్నిసార్లు ఇట్లు చేయుచుండిరి. సెర్వాంటిసు వ్రాసిన 'డాన్ క్విక్సోట్' చదివినవారికి సత్రమువద్ద సాంకో పాంజాను దుప్పటిలో వేసి ఎగురవేసిన ఘట్టము జ్ఞాపకముండును. కాన్వాసు గుడ్డలో వేసి ఎగురవేయుట ఇంగ్లీషున ఒక క్రియ యైనది. మనిషిని ఎగురవేసినట్లే ఒక విషయమును ఇటు పడవేసి అటు పడవేసి, అన్ని వైపులనుండి పరిశీలించుటకు ఆ క్రియను వాడిరి. తరువాత ఎన్నికలలో ప్రజల మొగ్గు ఎటున్నదో ఆరా తీయుటకును, చివరకు ఓట్లను అర్థించుటకును అదియే మాట నిలిచినది. ఈ క్రియకు చివర రెండు 'ఎస్'లు వ్రాయుట ఆచారమైనది. గుడ్డకు ఒక 'ఎస్', ఓట్లకు రెండు. ఎన్నికల కరపత్రములలోనే ఈ తప్పు తరచుగా కనబడుచుండును గనుక మరియొకసారి చెప్పెదను: గుడ్డకు ఒకటి, ఓట్లకు రెండు.

ఉచ్చారణలో కొంచెము భేదమున్నను, అర్థములో ఆకాశమునకును భూమికిని ఉన్నంత దూరము గల జంట యొకటి కలదు. వైద్యుడు మందు వ్రాసి యిచ్చుటను 'ప్రిస్క్రైబ్' చేయుట యందుము. విశ్వవిద్యాలయము ఒక గ్రంథమును పాఠ్యముగా నిర్ణయించుటయు ప్రిస్క్రైబ్ చేయుటయే. 'ప్రోస్క్రైబ్' చేయుట అనగా నిషేధించుట. రెండింటి కడుపులోను ఉన్నది 'స్క్రీబెరె' అను లాటిను క్రియ. వ్రాయుట అని అర్థము. ముందు అను అర్థముగల 'ప్రీ' చేరినప్పుడు ముందుగా వ్రాసిపెట్టుట, విధించుట. ప్రీ యూనివర్సిటీ తరగతిలో నున్న 'ప్రీ' యిదియే. ఎదుట, బహిరంగముగా అను అర్థముగల 'ప్రో' చేరినప్పుడు నలుగురు చూచునట్లు వ్రాసి తగిలించుట. ఇందు నిషేధము ఎక్కడినుండి వచ్చినది?

రోమునుండి వచ్చినది. క్రీస్తునకు పూర్వము 82వ సంవత్సరమున సుల్లా యను సేనాని అంతర్యుద్ధమున గెలిచి రోమును వశపరచుకొనెను. అనంతరము నగరపు నడిబొడ్డున నున్న ఫోరమ్ అను బహిరంగస్థలమున ఒక జాబితా వెలసినది. అందు సుల్లా శత్రువుల పేర్లు వ్రాసియున్నవి. పేరెక్కినవానిని ఎవరైనను చంపవచ్చును, చంపినవానికి బహుమానము. ఆశ్రయమిచ్చినవానికి మరణము. పేరెక్కినవాని ఆస్తి వేలమున బోవును. వాని కొడుకులు, మనుమలు పదవులకు పనికిరారు. ఉదయమున ఇల్లు వెడలి ఫోరమునకు పోయినవాడు ఆ జాబితాలో తన పేరు చదువుకొని, ఇంటికి మరలిపోవుటకు దారి లేక నిలిచిపోవలసిన దినములవి. క్రీస్తునకు పూర్వము 43లో ఆంటనీ, ఆక్టేవియను, లెపిడసు అను మువ్వురు కలిసి మరల అట్టి జాబితా ప్రకటించిరి. ఈ ఆక్టేవియనే తరువాత ఆగస్టసు అయ్యెను. ఆ జాబితాలో మహావక్త సిసిరో పేరు కలదు. ఆయనను చంపించి, ఆయన ప్రజల నుద్దేశించి ప్రసంగించిన ఆ వేదికమీదనే ఆయన శిరస్సును ప్రదర్శించిరి. బహిరంగముగా పేరు వ్రాయుట అనగా మనిషిని లోకమునుండి వెలివేయుట అను అర్థము ఆ నెత్తురునుండి వచ్చినది. తరువాతి శతాబ్దములలో వాడి తగ్గి, నిషేధించుట అను అర్థమున స్థిరపడినది.

మన సాహిత్యచరిత్రలో ఈ రెండు క్రియలును ఒకే గ్రంథమునకు తగిలినవి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు కారాగారమున వ్రాసిన 'మాలపల్లి' నవల 1922లో వెలువడగా, నాటి మద్రాసు ప్రభుత్వము దానిని ప్రోస్క్రైబ్ చేసినది. అనగా నిషేధించినది. కాలము మారిన పిదప విశ్వవిద్యాలయములు ఆ నవలనే ప్రిస్క్రైబ్ చేసినవి. అనగా పాఠ్యగ్రంథముగా నిర్ణయించినవి. గ్రంథము ఒక్కటే; మాటలో మారినది ఒక్క అచ్చు. 'మాలపల్లి' పేరు తలచుకొన్నంత కాలము తెలుగు విద్యార్థి ఈ జంటను మరువనక్కరలేదు.

ధాతువు ఒకటియే యుండి, ముందు చేరిన ఉపసర్గచే అర్థము మారిపోవుట మనకు కొత్త కాదు. ఆహారము, విహారము, సంహారము, ప్రహారము, పరిహారము, ఉపహారము: అన్నిటను ఉన్నది 'హృ' ధాతువే. ఒకటి తినునది, ఒకటి తిరుగుట, ఒకటి చంపుట, ఒకటి కొట్టుట. సంస్కృతము కొంచెమైనను చదివిన పిల్లవానికి ఈ రహస్యము చిన్ననాటనే పట్టుబడును. అదే కన్నుతో లాటిను మాటలను చూచినచో సగము తికమక తీరును. 'అఫెక్ట్', 'ఎఫెక్ట్' అను జంటను తీసికొనుడు. మన వాడుకలో రెండింటికిని 'ఎఫెక్టు' అనియే యందుము గనుక వ్రాతలో తప్పుట సహజము. రెండింటను ఉన్న ధాతువు 'ఫాకెరె', చేయుట. ఫ్యాక్టరీ యను మాటలో నున్నదియు అదియే. 'అఫెక్ట్' ముందున్నది 'అడ్' అను ఉపసర్గ. వైపునకు, మీదికి అని అర్థము. 'ఎఫెక్ట్' ముందున్నది 'ఎక్స్' అను ఉపసర్గ. వెలుపలికి అని అర్థము. కోతకు వచ్చిన మిరపతోటమీద అకాలవర్షము పడినది. వాన పంట మీదికి వచ్చి దానిని తాకుట 'ఏ' తో మొదలగు అఫెక్ట్. ఆ తాకుడునుండి వెలుపలికి వచ్చిన ఫలము, అనగా కల్లములో నల్లబడిన కాయ, 'ఈ' తో మొదలగు ఎఫెక్ట్. తాకుట 'ఏ', ఫలము 'ఈ'. 'ఈ' గల ఎఫెక్ట్‌ను ఇంగ్లీషువారు అప్పుడప్పుడు క్రియగాను వాడుదురు. అప్పుడును వెలుపలికి తెచ్చుట యను భావము చెడలేదు: ఒక మార్పును సాధించి తెచ్చుట అని అర్థము.

ప్రశంస యను అర్థముగల 'కాంప్లిమెంట్', పూరకము అను అర్థముగల 'కాంప్లిమెంట్' కూడ ఒక తల్లి బిడ్డలే. నిండించుట అను లాటిను క్రియ వారి తల్లి. నేరుగా లాటినునుండి వచ్చిన బిడ్డ నిండించుట యను అర్థమును విడువలేదు. గణితములో రెండు కోణములు కలిసి 90 డిగ్రీలైనప్పుడు మనము పూరక కోణములు అందుము. ఇంగ్లీషున వానికి పేరు ఈ మాటనుండియే. కంప్లీట్ అను మాటలో నున్న 'ఈ' దీని నడుమను ఉన్నది. రెండవ బిడ్డ స్పెయిను, ఇటలీ, ఫ్రాన్సు రాజసభల మీదుగా తిరిగి వచ్చినది. అక్కడ మర్యాదను లోటు లేకుండ నెరవేర్చుట అని అర్థము తెచ్చుకొని, చివరకు మెచ్చుకోలు మాట యైనది. దీని నడుమ 'ఐ' ఉండును.

గోధుమపిండిని తెలుపు 'ఫ్లౌర్', పువ్వును తెలుపు 'ఫ్లవర్' ఒకప్పుడు రెండు మాటలు కావు. ధాన్యమును విసరగా వచ్చిన దానిలో మేలైన భాగమును పిండి యొక్క పువ్వు అనిరి. 1755లో జాన్సను పండితుడు ప్రకటించిన నిఘంటువులోను ఈ రెండింటికి వేరు వేరు వర్ణక్రమము లేదు. భోజనాంతమున వడ్డించు తీపిని తెలుపు 'డిజర్ట్' ఫ్రెంచివారిది. బల్ల మీది పాత్రలను తీసివేయుట అని అర్థము. మునుపటి వడ్డన తీసివేసిన పిదప వచ్చునది గనుక ఆ పేరు. అందు 'ఎస్'లు రెండు. ఎడారిని తెలుపు 'డెజర్ట్' విడిచిపెట్టుట అను క్రియనుండి పుట్టినది. మనుష్యులు విడిచిపోయిన చోటు గనుక ఎడారి. అందు 'ఎస్' ఒకటియే.

కౌన్సిల్, కౌన్సెల్ అను జంట పురపాలక సంఘములోను న్యాయస్థానములోను నిత్యము వినబడునది. కూడి పిలుచుట యను లాటిను మూలమునుండి సభ యను అర్థముతో కౌన్సిల్ వచ్చినది. ఆలోచన చెప్పుట యను మూలమునుండి కౌన్సెల్ వచ్చినది. న్యాయవాదిని, పిల్లలకు దారిచూపు సలహాదారును తెలుపునది ఈ రెండవది. మధ్యయుగములో ఇంగ్లీషువారే ఈ రెండింటిని తరచుగా కలగలిపి వాడిరి. కావున మన పిల్లలు ఇక్కడ తడబడినచో గద్దించుట తగదు.

పుట్టుక తెలిసినంతమాత్రమున ప్రతి జంటయు విడివడునని చెప్పను. గుట్టుగా నడచుకొనుట యను అర్థముగల 'డిస్క్రీట్', వేరువేరుగా నుండుట యను అర్థముగల 'డిస్క్రీట్', రెండును ఒక్క లాటిను మాట. ఒకే పలుకు. పండితులు తరువాత వ్రాతలో విడదీసిరి. ఇక్కడ చిట్కాయే శరణ్యము: రెండు 'ఈ'ల నడుమ 'టి' నిలిచి వానిని వేరు చేసిన వర్ణక్రమము, వేరువేరుగా నుండుట యను అర్థమునకు చెల్లును. జంటగా రెండు 'ఈ'లు కలిసియున్నది గుట్టును తెలుపును.

వ్రాతలోను పలుకులోను భేదము లేక రెండర్థములు గల మాటలును కొన్ని గలవు. 'ప్యూపిల్' అనగా శిష్యుడు. ప్యూపిల్ అనగా కంటి నడిమి నల్లని బిందువు. లాటినున 'పూపా' అనగా చిన్నపిల్ల, బొమ్మ. శిష్యుడు చిన్నవాడు గనుక ఆ పేరు వచ్చుట తెలియుచునే యున్నది. కంటి బిందువునకు ఏల వచ్చినది? ఎదుటివాని కంటిలోనికి దగ్గరగా చూచినచో మన రూపము బొమ్మంతయై అందు కనబడును. అందుచేత రోమువారు దానిని చిన్నబొమ్మ యనిరి. ఇది మనకు వేరుగా చెప్పవలసిన పని లేదు. మనము కంటిపాప అనుచునే యున్నాము. సంస్కృతమందలి 'కనీనిక' కును చిన్నపిల్ల యను అర్థము కలదు. రోమువారు చూచినది మన పూర్వులును చూచిరి.

శ్రోతలారా, ఏ మంచి ఇంగ్లీషు నిఘంటువునందైనను మాట ప్రక్కన కుండలీకరణములలో చిన్న అక్షరములతో దాని మూలము ఇచ్చియుందురు. మనలో పెక్కుమంది ఆ పంక్తిని దాటి, తొందరగా అర్థమునకు పోవుదురు. విద్యార్థులు ఇకమీద ఆ పంక్తిని విడువవలదని కోరుచున్నాను. ఉపాధ్యాయ మిత్రులకును ఒక మనవి. జంటల పట్టికను వల్లె వేయించు దినమున, అందు ఒక్క జంటకైనను దాని కథ చెప్పుడు. బల్లమీద స్టేషనరీ యని వ్రాసి, ఆ వర్తకుడు ఎవరో పిల్లలను అడుగుడు. సమాధానము మీరు చెప్పిన పిదప ఆ 'ఈ' ని వారు మరువరు.